వలస మహిళలకు నాయకత్వ శిక్షణ: మూడు రోజుల క్యాంపు తర్వాత సంఘం ఎందుకు నిలవదు, ఎలా నిలబెట్టాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒంగోలు చుట్టుపక్కల రొయ్యల కంపెనీల్లో, ఇటుక బట్టీల్లో పనిచేసే వలస మహిళలు నలభై మందికి ఒక చిన్న సంస్థ మూడు రోజుల నాయకత్వ శిక్షణ ఇచ్చింది. చివరి రోజు అధ్యక్షురాలిని, కార్యదర్శిని ఎన్నుకుని సర్టిఫికెట్లు పంచారు. రెండు నెలలు తిరిగేసరికి మీటింగుకు వచ్చేవాళ్లు నలుగురే మిగిలారు. ఈసారి ప్రకాశం, నెల్లూరు రెండు జిల్లాల్లోనూ పెట్టాలనుకుంటున్నారు. ఏం మార్చాలి, నాయకురాళ్లను ఎప్పుడు ఎన్నుకోవాలి, పొదుపు పెట్టించాలా వద్దా అని అడిగారు.

ముందు మార్చాల్సింది వరస. మీరు పదవితో మొదలుపెట్టారు. పదవి చివర రావాలి. దీనికి నెల్లూరు జిల్లా చరిత్రే సాక్ష్యం. 1990ల మొదట్లో అక్షరాస్యతా తరగతుల పేరుతో ఆడవాళ్లు రాత్రిపూట ఒకచోట కూర్చోవడం మొదలైంది. అక్కడి మాటల్లోంచి 1992లో దూబగుంట లాంటి ఊళ్లలో సారా మీద తిరుగుబాటు లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి గ్రూపులు ఈ జిల్లాలో పుట్టాయి. కూర్చునే చోటు, ఒక సమస్య, ఒక గెలుపు, ఆ తర్వాత డబ్బు. ఆ సారా వ్యతిరేక పోరాటంలో పేరు తెచ్చుకున్న దూబగుంట రోశమ్మను ఏ శిక్షణ శిబిరమూ అధ్యక్షురాలిగా ప్రకటించలేదు. నలుగురూ తన వెంట నడిచాకే ఆమె నాయకురాలు అయింది. స్థానిక మహిళల విషయంలోనే అలా జరిగితే, భాష రాని చోట, ఇల్లు తనది కాని చోట బతికే మనిషికి మూడు రోజుల్లో నాయకత్వం అబ్బుతుందని ఆశించడం ఆమెకు అన్యాయం చేసినట్టే.

రెండో సంగతి. 'వలస మహిళలు' అని అందరినీ ఒకే కార్యక్రమంలోకి లాగొద్దు. ఇటుక బట్టీకి వచ్చేది కుటుంబం, ఒంటరి మనిషి కాదు. పశ్చిమ ఒడిశా నుంచి వచ్చేవాళ్లు కొత్త పంట పండగ నువాఖాయి వెళ్లాక అడ్వాన్సు తీసుకుని బయల్దేరతారు, వానలు పడేలోపు తిరిగి వెళ్లిపోతారు. చేతిలో ఉండేది ఆరేడు నెలలు. రొయ్యల కంపెనీ అమ్మాయిలు ఎక్కువగా ఒంటరిగా వచ్చి కంపెనీ హాస్టళ్లలోనో, అద్దె గదుల్లోనో ఉంటారు. సరుకు వచ్చిన రోజు ఎప్పటిదాకా పనో చెప్పలేరు, సరుకు లేని రోజు ఖాళీ. చీమకుర్తి గ్రానైట్ పనికి వచ్చిన మగవాళ్ల కుటుంబాలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. ఆ ఆడవాళ్లకు పని కంటే ముందు నీళ్లు, బడి, అద్దె సమస్యలు. ఇక పాత ప్రకాశం జిల్లా పశ్చిమ భాగం నుంచి మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు వెళ్లేవాళ్లున్నారు. వాళ్లు మన ప్రాంతం వాళ్లే, వాళ్లకు గ్రూపు కట్టాల్సింది వెళ్లే చోట కాదు, సొంత ఊళ్లో, కోతలకు పోకముందు. ఈ నాలుగు రకాలకూ నాలుగు క్యాలెండర్లు కావాలి. మీ మొదటి బ్యాచిలో బట్టీవాళ్లనూ రొయ్యల కంపెనీవాళ్లనూ కలిపి ఒకే గ్రూపు చేశారు. వాళ్లిద్దరికీ కలిసి ఖాళీ దొరికే రోజే ఉండదు. సగం మంది రాకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

మొదటి మూడు వారాలు ఫారాలు పట్టుకుని వెళ్లొద్దు. పేరు, ఆధార్ నంబరు అడగ్గానే ఇది మేస్త్రీకి (అడ్వాన్సు ఇచ్చి కూలీలను తెచ్చే మనిషికి) చేరుతుందా, పోలీసులకు చేరుతుందా అన్న భయం పుడుతుంది. ఒకే కార్యకర్త, వీలైతే వాళ్ల భాష తెలిసిన ఆమె, వారానికి రెండుసార్లు అదే వేళకు వెళ్లి కూర్చోవాలి. చూడాల్సినవి కొన్నే: నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చుకుంటున్నారు, పిల్లలను ఎవరు చూస్తున్నారు, ఒంట్లో బాగాలేకపోతే ముందు ఎవరికి చెబుతున్నారు. ఈ మూడో ప్రశ్న ముఖ్యం. ఆ సమాధానంలో పదేపదే వచ్చే పేరే రేపటి నాయకురాలిది. ఆమె తరచుగా గట్టిగా మాట్లాడే మనిషి అయి ఉండదు.

గ్రూపు 10 నుంచి 15 మంది. అంతకు మించితే భాష రానివాళ్లు వెనక వరసలోకి జరిగి మౌనంగా ఉండిపోతారు. మీటింగు గంటన్నర చాలు, పదిహేను రోజులకోసారి. కంపెనీ ఆవరణలో గానీ బట్టీ యజమాని షెడ్డులో గానీ పెట్టొద్దు. అంగన్‌వాడీ, బడి వరండా, గుడి మండపం లాంటి నలుగురికీ కనబడే చోటు మంచిది. తలుపులు మూసిన గదిలో పెడితే భర్తలకూ మేస్త్రీలకూ లేని అనుమానాలు వస్తాయి. గడియారం చూసి వేళ పెట్టడం రొయ్యల కంపెనీల దగ్గర కుదరదు. 'సరుకు లేని మొదటి సాయంత్రం' అని నియమం పెట్టుకుని, అదే రోజు మధ్యాహ్నం ఒకరు మిగతావాళ్లకు ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టాలి. చదవడం రానివాళ్లకు రాసిన మెసేజ్ పనికిరాదు. పిల్లలను చూసే మనిషిని డబ్బిచ్చి పెట్టండి. ఇది ఖర్చులా కనబడుతుంది గానీ, చంటిబిడ్డ తల్లులు ఇది లేక మానేస్తారు. వాళ్లు మానేస్తే గ్రూపులో అవసరం ఎక్కువ ఉన్నవాళ్లే పోయినట్టు.

భాష గురించి ఒక హెచ్చరిక. దుబాసీగా ఒక్కరినే పెట్టుకుంటే రెండు నెలల్లో పెత్తనం ఆమెదే అవుతుంది. మీరు చెప్పింది ఆమె తనకు నచ్చినట్టు చెబుతుంది, వాళ్లు అడిగింది మీకు చేరదు. ఇద్దరిని పెట్టి మీటింగుకు ఒకరు చొప్పున మార్చండి, రెండో ఆమె వింటూ తప్పు దిద్దాలి.

ఇప్పుడు మొదటి పని. యజమానికి పైసా ఖర్చు కానిది, నెలలోపు ఫలితం కనబడేది ఎంచుకోవాలి. మొదటి మీటింగులోనే కూలి రేట్ల మాట ఎత్తితే రెండో మీటింగు ఉండదు. రేషన్ మంచి ఎంపిక. ఒకే దేశం ఒకే రేషన్ కింద జాతీయ ఆహార భద్రతా చట్టం కార్డు ఉన్నవాళ్లు ఏ రాష్ట్రంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. ప్రాధాన్య కుటుంబాల కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు కుటుంబానికి 35 కిలోలు. ఇక్కడ పొరపాట్లు ఎక్కువ. సొంత రాష్ట్రం వాళ్లు తమ ఖర్చుతో ఇచ్చిన కార్డులు సరిహద్దు దాటితే చెల్లవు, కాబట్టి ముందు కార్డు ఏ రకమో చూడాలి. ఊళ్లో ఉన్న అత్తగారు అప్పటికే మొత్తం కోటా తీసుకుని ఉంటే ఇక్కడ సున్నా చూపిస్తుంది, అది డీలరు మోసం కాదు. ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకుని, అక్కడున్న వాళ్ల వాటా అక్కడ, ఇక్కడున్న వాళ్ల వాటా ఇక్కడ తీసుకోవాలి. షాపులు 1 నుంచి 15వ తేదీ వరకే ఇస్తాయి కాబట్టి ఈ లెక్కలు అంతకుముందు నెల ఆఖరి వారంలో తేల్చుకోవాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేలిముద్ర. రోజంతా ఐసు నీళ్లలో రొయ్యల తలలు తీసి, పొట్టు ఒలిచే చేతులకు గీతలు అరిగిపోతాయి, వేళ్లు నాని ఉంటాయి. షిఫ్టు దిగి నేరుగా షాపుకు వెళ్తే మిషన్ తీసుకోదు. సెలవు రోజు ఉదయం, చేతులు పూర్తిగా ఆరాక వెళ్లమనండి. పది వేళ్లలో ఏది పడుతుందో ఒకసారి చూసి గుర్తుపెట్టుకోవాలి. కార్డులో పేరున్న వేరే మనిషి వేలు వేసినా చెల్లుతుంది. ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) పెండింగు ఉంటే సొంతూరు వెళ్లక్కర్లేదు, ఉన్నచోటి షాపులోనే చేయించుకోవచ్చు. ఇంత చిన్న విషయం తెలియక బియ్యం కొనుక్కుని తింటున్నవాళ్లు ఎంతోమంది. ఒక్క నెల ఆరుగురికి బియ్యం చేతికి వస్తే, మూడు రోజుల ఉపన్యాసాలు తేలేని నమ్మకం వస్తుంది.

ఈ పని మీ కార్యకర్త చేసిపెట్టకూడదు. మొదటి షాపుకు కార్యకర్త, ఇద్దరు సభ్యులు కలిసి వెళ్తారు, కార్యకర్త మాట్లాడుతుంది. రెండోసారి సభ్యులు మాట్లాడతారు, కార్యకర్త పక్కన ఉంటుంది. మూడోసారి ఆ ఇద్దరు ఇంకో ఇద్దరిని తీసుకుని వెళ్తారు, కార్యకర్త వెళ్లదు. శిక్షణ అంటే ఇదే. తరగతి గదిలో నేర్పేది దీనికి ముందు రోజు రిహార్సల్: ఒకరు డీలరు, ఒకరు సచివాలయం ఉద్యోగి అయి కసురుకుంటారు, ఇంకొకరు గొంతు పెంచకుండా, తల దించకుండా అడగాలి. అరగంట చాలు.

రెండు, మూడో నెలల్లో అంగన్‌వాడీ, బడి పనులు పెట్టుకోండి. గర్భిణి, బాలింత, చిన్నపిల్లల వివరాలు సొంతూరి అంగన్‌వాడీలో నమోదై ఉంటే అంగన్‌వాడీల నమోదు యాప్ అయిన పోషణ్ ట్రాకర్ ద్వారా ఇక్కడికి మార్చవచ్చు. మాతాశిశు రక్షణ కార్డు తెచ్చుకుంటే పని తేలిక. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బదిలీ పత్రం లేదనో, వయసు రుజువు లేదనో బడి వాళ్లు వెనక్కి పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. అసంఘటిత కార్మికులకు ఈ-శ్రమ్ నమోదు కూడా ఈ దశలోనే: 16 నుంచి 59 ఏళ్లు, పీఎఫ్, ఈఎస్ఐ లేనివాళ్లు. కంపెనీలో ఈఎస్ఐ కోత పడుతుంటే మాత్రం ఈ-శ్రమ్ కాదు, ఈఎస్ఐ నంబరు అడిగి తెచ్చుకోవాలి.

కాగితాల విషయంలో ఒక కట్టుబాటు పెట్టండి. అసలు ఆధార్, అసలు రేషన్ కార్డు ఎవరి దగ్గరా ఉంచుకోకూడదు, మీ ఆఫీసులో కూడా. జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా 'రేషన్ కోసం మాత్రమే' అని, తేదీ వేసి రాయాలి. అర్జీ ఎప్పుడూ రెండు కాపీలు, రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోవాలి. సచివాలయంలో గానీ, సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ ఇస్తే వచ్చే నంబరును గ్రూపు పుస్తకంలో ఎక్కించాలి. ఒక అర్జీలో ఒకే విషయం. నీళ్లు, లైటు, రేషన్ అన్నీ కలిపి రాస్తే అది ఏ శాఖకూ చెందక తిరుగుతూ ఉంటుంది.

గ్రామసభ సంగతి వేరు. గ్రామసభ సభ్యత్వం ఆ ఊరి ఓటరుకే ఉంటుంది. వలస మహిళలు వెళ్లి అర్జీ ఇవ్వవచ్చు, తీర్మానంలో వాళ్ల మాటకు ఓటు ఉండదు. అందుకే ఏళ్ల తరబడి ఉంటున్న చీమకుర్తి లాంటి చోట్ల ఓటు మార్పు గురించి మాట్లాడండి, దానికి ఫారం 8. ఆరు నెలలకు వెళ్లిపోయే బట్టీవాళ్ల చేత ఓటు మార్పించొద్దు, సొంతూళ్లో ఉన్న మాట కూడా పోతుంది.

ఎన్నిక నాలుగో నెలలో. అప్పటికి ఎవరు పని చేశారో అందరికీ తెలిసి ఉంటుంది. చేతులెత్తించొద్దు, ఎత్తని చెయ్యి మేస్త్రీ భార్య చూస్తుంది. పోటీలో ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కో మూత కుండ, దాని మీద ఒక గుర్తు, ఓటు వేయడానికి తలా ఒక చింతగింజ. చదువు రాకపోయినా రహస్యం నిలుస్తుంది. మేస్త్రీ కుటుంబం వాళ్లు సభ్యులుగా ఉండవచ్చు, పదవి, సంతకం ఉండకూడదు. ఆమె మంచిది కాదని కాదు. అడ్వాన్సు లెక్క ఇంట్లో ఉన్న మనిషి ఎదుట అడ్వాన్సు బాధ ఎవరూ చెప్పుకోలేరు. ఈ నియమం మొదటి మీటింగులోనే చెబితే ఎవరికీ అవమానం ఉండదు, ఎన్నిక రోజు చెబితే గొడవ. ప్రతి పదవికీ ఇద్దరు, ఆరు నెలల గడువు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు కాకూడదు, ఒకేసారి ప్రయాణమైతే పదవి ఖాళీ అవుతుంది.

పొదుపు పెట్టించాలి, కానీ స్థానిక డ్వాక్రా పద్ధతి ఉన్నదున్నట్టు దించితే దెబ్బతింటారు. బట్టీకి వచ్చినామె మే నెలలో వెళ్లిపోతుంది, డబ్బు గ్రూపు ఖాతాలో ఉండిపోతుంది, సంతకం పెట్టాల్సిన ఇద్దరిలో ఒకరు ఒడిశాలోని బొలంగీర్లో ఉంటారు. అక్కడితో నమ్మకం పోతుంది. సీజను పొదుపు మేలు. తలా తమ పేరు మీద బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా ఉండాలి, పెద్ద మొత్తం అందులోకే. ఆధార్ మీద ఒడిశా చిరునామా ఉన్నా ఖాతా ఇవ్వవచ్చు, ఇప్పుడుంటున్న చిరునామాకు సొంత ప్రకటన చాలని రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనల్లో ఉంది. మేనేజరు కాదంటే గొడవపడకుండా కారణం రాసివ్వమని అడగండి. గ్రూపులో మాత్రం చిన్న మొత్తం, అందరికీ ఒకటే, ఆమె ఒకరోజు కూలిలో పదో వంతుకు మించకుండా. మూడు తాళాల పెట్టె, తాళాలు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. ప్రతి మీటింగులో అందరి ముందు తెరిచి లెక్కపెట్టి, మొత్తం గట్టిగా చెప్పి మూయాలి. అప్పు ఆమె దాచినదానికి రెట్టింపు దాటకూడదు, వసూలు ప్రయాణానికి నెల ముందే పూర్తవ్వాలి. మధ్యలో వెళ్లాల్సి వస్తే ఏడు రోజుల్లో ఆమె డబ్బు ఆమెకు. సీజను చివర పెట్టె ఖాళీ చేసి పంచేయాలి, దాచి ఉంచొద్దు.

ఏళ్లుగా ఉంటున్నవాళ్లకు మాత్రం అసలైన స్వయం సహాయక సంఘం పెట్టవచ్చు. గ్రూపు పేరుతో పొదుపు ఖాతా తెరవడానికి సభ్యులందరి కేవైసీ అక్కర్లేదు, పదవుల్లో ఉన్నవాళ్లది చాలు, ఇదీ రిజర్వు బ్యాంకు నిబంధనే. పట్టణంలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్‌ను, పల్లెలో వీఓఏను (గ్రామ సమాఖ్య సహాయకురాలిని) మొదటి నెలలోనే మీటింగుకు పిలవండి. స్థానిక మహిళల్లో 'వీళ్లకిస్తే మాకు తగ్గుతుంది' అన్న గొణుగుడు ఉంటుంది. అది దాచితే పెరుగుతుంది. రేషన్ కోటా వాళ్ల రాష్ట్రం లెక్కలోదని చెప్పించండి. కుళాయి, వీధిలైటు, కంపెనీ బస్సు దిగే చోట చీకటి లాంటివి ఇద్దరికీ ఉన్న సమస్యలు. వాటి మీద అర్జీ ఇద్దరి సంతకాలతో పోతే పని త్వరగా జరుగుతుంది, పలకరింపులూ మొదలవుతాయి.

కూలి విషయం ఐదో నెల తర్వాత. ప్రతి మనిషికీ చిన్న నోటు పుస్తకం: తేదీ, ఎన్ని కిలోలు ఒలిచింది లేదా ఎన్ని ఇటుకలు పోసింది, చేతికి వచ్చిన డబ్బు, కోత. రాయడం రాకపోతే గీతలు, చుక్కలు. తగాదా వచ్చినప్పుడు లేబర్ ఆఫీసులో ఈ పుస్తకమే బలం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెలజీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. ఈ రెండో మాట ఊరికి వెళ్లే నెలలో ప్రతి సభ్యురాలికీ నోటికి రావాలి, బకాయిలు ఎగ్గొట్టేది అప్పుడే.

అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వడం లేదు, ఫోను లాక్కున్నారు, పిల్లను పంపడం లేదు అనే మాట వినబడితే అది గ్రూపు చర్చలో పెట్టే విషయం కాదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద కలెక్టరుకు గానీ ఆర్డీవోకు గానీ నేరుగా, రహస్యంగా రాతపూర్వక ఫిర్యాదు వెళ్లాలి. ఆ చట్టం ప్రకారం అలాంటి అప్పు రద్దవుతుంది. వెట్టి నుంచి విడిపించినట్టు అధికారులు ఇచ్చే విడుదల పత్రం చేతికి రాకుండా మనుషులను రాత్రికి రాత్రి రైలెక్కించి పంపొద్దు, పునరావాస సాయం ఆ పత్రం మీదే ఆధారపడి ఉంటుంది. నెల్లూరు వైపు యానాది కుటుంబాల్లోనూ ఈ అడ్వాన్సు కట్టు కనబడుతుంది, వాళ్లను స్థానికులని వదిలేయొద్దు.

లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకు తక్కువైతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి. గడువు మూడు నెలలు, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు. కంపెనీ నడిపే బస్సులో జరిగినా ఇది వర్తిస్తుంది. నాయకురాలు విచారణాధికారి కాదని ఆమెకు ముందే చెప్పండి. ఆమె పని మూడే: నమ్మడం, ఎవరికీ చెప్పకపోవడం, వెంట వెళ్లడం. మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112, ఉచిత న్యాయసాయానికి 15100 నంబర్లు ఫోన్లో పేరు మార్చి దాచుకోవాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసాయం ఉచితమని 1987 చట్టంలో ఉంది.

ఇక ఖర్చు. ఒక కార్యకర్తకు ఐదు గ్రూపులకు మించి అప్పగించొద్దు. నాయకురాళ్లకు ఫోను రీచార్జి, అర్జీ కోసం తిరిగిన రోజు కూలి, బస్సు ఛార్జీ ఇవ్వాల్సిందే. కిలో లెక్కన బతికే మనిషిని ఉచితంగా సేవ చేయమనడం నాయకత్వం నేర్పడం కాదు, ఆమె మీద ఇంకో బరువు పెట్టడం. నిధులు తగ్గితే బ్యానర్లు, బ్యాగులు, హోటల్ హాలు, బయటి ఉపన్యాసకులు, సర్టిఫికెట్లు తీసేయండి. దుబాసీలను, పిల్లలను చూసే మనిషిని, కూలి నష్టాన్ని మాత్రం తగ్గించొద్దు. వీటికీ చాలకపోతే పది గ్రూపుల బదులు నాలుగే పెట్టండి.

వెళ్లే నెలలో ఒక మీటింగు అప్పగింతకే కేటాయించండి. నడుస్తున్న అర్జీల నంబర్లు, ఏ ఉద్యోగి సరిగా పలుకుతారు, ఏ షాపులో మిషన్ బాగా పనిచేస్తుంది, ఇవన్నీ ఒకే పేజీలో రెండు భాషల్లో రాసి ఒక కాపీ ఇక్కడ ఉండేవాళ్లకు, ఒకటి వెళ్లేవాళ్లకు ఇవ్వండి. వెళ్లేవాళ్లలో ఇద్దరి నంబర్లు తీసుకుని వానాకాలంలో నెలకోసారి ఫోన్ చేయండి. మరుసటి ఏడాది అడ్వాన్సు మాట్లాడుకునేది ఆ నెలల్లోనే. రేటు, పని గంటలు, తిరుగు ఛార్జీ ఎవరిది అన్నవి అక్కడే కాగితం మీద పెట్టించుకోమని ఇక్కడి గ్రూపు తరఫున గుర్తుచేయాల్సింది అప్పుడే.